ఆదికేశవులు చెవి

గుర్రం కనబడితే చాలు, ఆదికేశవులుకు దాని గుండెకు చెవి ఆనించాల్సిందే. మదరాసు చూలైలో గుర్రాలకు లాడాలు కొట్టడం ఆయన పని. లాడానికి వచ్చిన గుర్రమైనా, దారినపోయే పెళ్లిగుర్రమైనా ఆపి, ముందరికాలి వెనక చెవి ఆనించి, కళ్లు మూసుకుని, వేలెత్తి "ష్" అనేవాడు. ఆ "ష్"కు పక్కనున్న రేకుడబ్బాల వాళ్లు సుత్తులు దించేవాళ్లు. ఎదురింటి మునియక్క కోడల్ని తిట్టడం మధ్యలో ఆపి, ఆయన లేచాక మిగతాది పూర్తిచేసేది. ఒక్కోసారి ఆ వినడం గంట పట్టేది.

ఇది చూస్తే వెంకటాచలానికి కడుపు భగ్గున మండేది. అతను వేపేరి కాలేజీలో పశువైద్యం చదివిన డాక్టరు. సీమ స్టెతస్కోపు పెట్టి రెండు నిమిషాల్లో జబ్బు చెప్పేస్తాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. రెండు నిమిషాల వైద్యానికి విలువిచ్చేదెవరు? పైగా, "ట్యూబు పెట్టుకుంటే గానీ వినబడదంట, చెవుడేమో పాపం" అని మునియక్క జాలిపడిందని తెలిసి అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

మదరాసులో ట్రాములు ఆగిపోయిన ఏడాది జట్కాలకు గిరాకీ పెరిగింది. పెరంబూరుకూ సెంట్రల్‌కూ తిరిగి తిరిగి జట్కా తోలే అరుముగం గుర్రం లచ్చిమి రొప్పడం మొదలుపెట్టింది. ఆదికేశవులు గంటసేపు విని, "దీనికి తలుపు సరిగ్గా పడటంలా" అన్నాడు. అరుముగం సాయంత్రానికల్లా వడ్రంగిని పిలిపించి లాయం తలుపుకు కొత్త బందులు వేయించాడు. మర్నాడూ గుర్రం రొప్పుతుంటే వచ్చి మొరపెట్టుకున్నాడు. అది గుండెలోపలి తలుపని ఆదికేశవులు విడమరిచి చెప్పి, దానికి మందు లేదు, వినడమే వైద్యం, రోజూ మిట్టమధ్యాహ్నం తోలుకురమ్మన్నాడు.

వినడమే వైద్యమన్న మాట చెవిన పడగానే వెంకటాచలానికి దొంగ దొరికినట్టయింది. నలుగురిలో ఈయన పరువు తీసేద్దామని మెళ్లో స్టెతస్కోపు వేసుకుని ఎండలో బయల్దేరాడు.

అరుముగం బండి విప్పేసి అవతల కూర్చున్నాడు; తాటాకు పందిరి కింద లచ్చిమి నిలబడి ఉంది. ఎడమవైపు ఆదికేశవులు చెవి ఆనించి ఉన్నాడు. వెంకటాచలం కుడివైపుకు పోయి ట్యూబు పెట్టాడు. గుండె రెండో చప్పుడు వెనకే సన్నటి ఈల. మూతపడాల్సిన వాల్వు సందులోంచి రక్తం వెనక్కి కారుతోంది. ఇటువైపుకే ఇంతగా వినబడుతోందంటే అటు ఇంకెంతో.

"వాల్వు కారతా ఉంది, అంతేగా," అని గుర్రం పొట్ట కిందుగా వంగి గొణిగాడు. "దీనికి గంటసేపు ఏం వింటావయ్యా?"

ఆదికేశవులు కళ్లు తెరవలేదు. "నాకు మొదటిరోజే తెలిసిపోయె డాక్టరయ్యా. పనికి రాదంటే వీడు రేపే అమ్మేస్తాడు. కొన్నోడు చచ్చేదాకా తోలతాడు. విశ్రాంతి ఇయ్యిరా అంటే, ఇంట్లో ఆరు నోళ్లుండాయి, యాడిస్తాడు? వింటా ఉండానంటే మాత్రం నోరెత్తకుండా ఆగతాడు. దాన్ని చూడండి, నిద్రపోతా ఉండాది."

నిజమే. లచ్చిమి కింది పెదవి వేలాడేసి, వెనక కాలొకటి సడలించి కునుకు తీస్తోంది. ఇన్నేళ్లుగా చూలై గుర్రాలన్నీ ఇక్కడ తీసిన కునుకులెన్నో అప్పుడు తెలిసొచ్చింది వెంకటాచలానికి. తను గట్టిగా ఒక్క మాటంటే ఇవాళ్టితో అది ఆఖరు. ఆ మాట అనడానికే వచ్చాడు కూడా. అంత చదువు చదివిన తనకు ఈ ఉపాయం తట్టనందుకు ఆ మనిషి మీద అసూయ ఇంకో వీశెడు పెరిగింది.

ఇంతలో అరుముగం దగ్గరికొచ్చాడు. "ఏం సార్, ట్యూబులో ఏమన్నా తెలిసిందా? ఆడ సవారీ కాచుకోనుండాది. బండి కట్టుకునేదా?"

వెంకటాచలం గొంతు సవరించుకున్నాడు.

"కుదరదు. ఆయన విన్నది ఎడమవైపే. కుడివైపు నేను వినాలి. ఇంకో గంట పడతాది."

అనేసి, చెవుల్లో ట్యూబు సర్దుకుని కళ్లు మూసుకున్నాడు. లచ్చిమి గుండె చప్పుడు మధ్యలో, అవతలివైపు నుంచి ఆదికేశవులు నవ్వు అతనికి స్పష్టంగా వినబడింది.