సబ్బు నురగ

కారే ట్యాంకును ముప్పై ఏళ్లలో ఒక్కదాన్నీ ఆ వెల్డరు తన షెడ్డు దాటనివ్వలేదు. ఇప్పుడు గుట్టలెక్కే బండిని సొంతంగా కట్టుకుంటూ, దానికి అల్యూమినియం రేకుతో పెట్రోలు ట్యాంకు చేశాడు. లోపల గాలి నింపి, కళ్లద్దాలు నుదుటికెక్కించి, ఎక్కడైనా కారుతుందేమో చూడ్డానికి పాత షేవింగ్ బ్రష్షుతో అతుకుల మీద సబ్బు నురగ పూశాడు. ఒక మూల ఆవగింజంత బుడగ లేచింది. "నేను తిరిగేదేగా, ఈ మాత్రానికేం కాదులే" అని తుడిచేసి, ట్యాంకును సీట్ల వెనక బిగించేశాడు.

భార్య వచ్చి బండి చుట్టూ తిరిగింది. పక్క సీటును తట్టి చూసి, "ఆదివారం నేనూ ఎక్కుతా" అంది.

"నువ్వెందుకే? ఒళ్లు హూనమైపోతుంది."

"అయితే అయింది."

అతను చేతులు తుడుచుకుని, స్పానరుతో ట్యాంకు విప్పసాగాడు.

"బిగించేశారుగా, మళ్లీ విప్పుతున్నారేం?"

"బుడగొచ్చింది" అన్నాడు, తల ఎత్తకుండా.