వామాకు డబ్బా

మా పాప దగ్గుకని వామాకు నలిపాను. వేళ్లకంటిన ఆ ఘాటుకు యాకుత్‌పురాలోని మా గాలాడని ఒంటిగది ఇల్లు గుర్తొచ్చింది.

అబ్బాజాన్ చనిపోయాక అమ్మీ ఇద్దత్‌లో కూర్చుంది. నెలల తరబడి గడప దాటకూడదు. పాత పెయింటు డబ్బాలో పెంచిన వామాకు మొక్కను రోజూ ఎత్తి పట్టుకుని, ఉన్న ఒక్క కిటికీ దగ్గర నిలబడేది.

“చేతులు గుంజుతలేవా అమ్మీ?”

“దీనికి ఎండ గావాలె బేటా.”

ఆమెకు శ్రమ తప్పుతుందని ఒకరోజు ఆ డబ్బాను తాడుతో కిటికీ జాలీకి కట్టేశాను.

“ఇగ నువ్వు నిలబడే పన్లేదు!”

అమ్మీ నా తల నిమిరింది. తర్వాత మెల్లగా ముడి విప్పి, డబ్బాను మళ్లీ ఎత్తుకుంది.

అలా ఎత్తుకున్నప్పుడల్లా ఎండ ఆమె ముఖం మీద కూడా పడేది.