బాగుపడకముందే బాగయ్యానని చెప్పిన నన్ను దేవుడు విడిపించిన విధం

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన ప్రభువు పేరట మీకందరికీ నా వందనాలు. ఈ సంగతి రాయాలంటే నాకు సిగ్గుగా ఉంది. కానీ నేను ఇదివరకే ఒకసారి మీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను, మీరు విని కన్నీళ్ళతో స్తోత్రం చెప్పారు, ఆ సాక్ష్యంలో సగం నిజం కాదు కనుక రాయక తప్పదు.

తెలంగాణ గొడవలు సద్దుమణిగి పనులు మళ్ళీ మొదలైన ఏడు, నేను ఖాజాగూడ నుంచి లింగంపల్లి దిక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల పనికి మేస్త్రీగా పోతుండేవాణ్ణి. ఒకనాడు పరంజా మీద కాలు జారి, రెండు కాళ్ళ మధ్య కర్ర తగిలేలా కూలబడ్డాను. కళ్ళు బైర్లు కమ్మాయి! ఒంటికి పోతే రక్తం పడింది. తగిలిన చోటు అలాంటిది కనుక ఎవరికీ చెప్పలేదు, నా భార్య మార్తమ్మకు కూడా చెప్పలేదు, నడుం పట్టిందని చెప్పి పడుకున్నాను. వాపు తగ్గింది, రక్తం ఆగింది, ఇక బాగయిందనుకున్నాను.

కొన్ని నెలలకు మూత్రం దారంలా సన్నబడింది. ముక్కితే గాని రాదు, వచ్చినా రెండు పాయలుగా చీలి కాళ్ళ మీద పడేది, అయిపోయిందనుకుని బట్ట సర్దుకుంటే మళ్ళీ చుక్కలు కారేవి. మంట, ఉండుండి చలిజ్వరం. పనిచోట గోడ పక్కకు పోతే తోటి మేస్త్రీలు వదిలేవారు కాదు. "ఏంది యేసుదాసన్నా, గోడ సాటుకు పోయినవా, గోడ కట్టనీకె పోయినవా?" అని ఒకడంటే, "జర సున్నం గూడ ఏసి రా అన్నా!" అని ఇంకొకడు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల ఏడ్చేవాణ్ణి. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు తాగాను, మజ్జిగ తాగాను, చివరికి పోసే బాధ తప్పుతుందని నీళ్ళు తాగడమే తగ్గించాను. అది ఇంకా పెద్ద తప్పని అప్పుడు తెలియలేదు.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలోనే మూత్రం పూర్తిగా బిగిసిపోయింది. పొత్తికడుపు కుండలా ఉబ్బింది, చెమటలు కారిపోయాయి. సంఘస్థులు ఎడ్లబండిలో వేసి స్టేషనుకు, అక్కడి నుంచి రైల్లో పట్నం దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు గారు పొత్తికడుపులో చిన్న రంధ్రం చేసి రబ్బరు గొట్టం వేయగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. తరువాత ఆయన, "సుఖరోగాల వల్ల కూడా మూత్రనాళం ఇలా అవుతుందయ్యా. సిగ్గుపడకుండా నిజం చెప్పు" అన్నారు. మార్తమ్మ పక్కనే ఉంది. ఆమె ముఖం చూడలేక తల వంచుకుని, పరంజా మీద నుంచి పడిన సంగతి అప్పుడు చెప్పాను. డాక్టరు గారు తలూపి, "కాలిన చోట మానాక చర్మం ముడుచుకుపోదూ? లోపల దెబ్బ తగిలిన చోట అలాగే మచ్చకట్టి దారి ఇరుకైంది" అన్నారు. మార్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "పడ్డనాడే నాకు చెప్తే ఏమాయె? నీ దెబ్బ జూస్తే నాకు సిగ్గెందుకయ్యా?" అంది. ఆ మాటకు నేను పసిపిల్లవాడిలా ఏడ్చాను.

తరువాత మూత్రనాళంలోకి సన్నని ఇనుప కడ్డీ పంపి, దాని తరువాత కొంచెం లావుది, అలా మెల్లగా దారి వెడల్పు చేశారు. "ఇది మళ్ళీ ఇరుకవుతుంది, నెలనెలా తప్పకుండా రావాలి" అని గట్టిగా చెప్పి పంపారు. ఇంటికి వచ్చిన ఆదివారమే నేను సాక్ష్యానికి లేచాను. ప్రార్థన విన్నందుకు దేవుణ్ణి స్తుతించి కూర్చుంటే సరిపోయేది! కానీ మీ స్తోత్రాలు వింటుంటే నాలుక ఆగలేదు. "ప్రభువు నన్ను ముట్టి పూర్తిగా బాగుచేశాడు, ఇక నాకు దవాఖానతో పని లేదు" అనేశాను. కడ్డీల మాట ఎత్తనే లేదు.

ఇక ఏ ముఖంతో దవాఖానకు పోను? స్టేషనులో ఎవరైనా చూసి ఎక్కడికని అడిగితే నా సాక్ష్యం ఏమవుతుంది? నెల గడిచింది, ఇంకో నెల గడిచింది, ధార మళ్ళీ సన్నబడింది. మార్తమ్మ కనిపెట్టి, "ఇగ పోదాం పా, డాక్టరు రమ్మన్నడు గద" అంటే, సహోదరులారా, నేను ఆమెను అవిశ్వాసురాలని తిట్టాను! నా కోసం మోకాళ్ళ మీద కన్నీళ్ళు కార్చిన ఆ తల్లిని ఆ మాట అన్నాను. నా పాపాలన్నిటిలో అదే నన్ను ఎక్కువగా పొడుస్తుంది.

ఆమె తిన్నగా పోయి మన పాస్టరు అయ్యగారిని పిలుచుకొచ్చింది. నేను జ్వరంతో వణుకుతున్నాను. అయ్యగారు మంచం మీద కూర్చుని, "ఏందిరా యేసుదాసూ, సాక్ష్యం బతకాలని నువ్వు సస్తవా?" అన్నారు. దవాఖానకు పోతే దేవుని పేరు పోతుందేమోనని నేను గొణిగితే ఆయన నవ్వి, "దేవుని పేరు ఫికర్ నీకెందుకు? పోయేది నీ పేరు" అన్నారు. ఆ మాట సూటిగా తగిలింది. అయ్యగారు, మార్తమ్మ నా ఇరుపక్కల మోకరిస్తే నేను ఇలా ప్రార్థించాను: "తండ్రీ, నీకు మహిమ తెస్తున్నానని చెప్పి నా గొప్ప నేను చెప్పుకున్నాను. నువ్వు పంపిన వైద్యుణ్ణి దాచిపెట్టాను. నా భార్యను నొప్పించాను. బతికిస్తే నిజమే చెబుతాను, బతికించకపోయినా నన్ను క్షమించు."

ఆ పూటే బయలుదేరాం. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే మూత్రపిండాలు పాడయ్యేవని డాక్టరు గారు కోప్పడ్డారు. మళ్ళీ పొత్తికడుపులో గొట్టం వేసి, జ్వరం తగ్గాక ఆపరేషన్ చేసి, గట్టిపడిన ముక్కను కోసి తీసేసి, మంచిగా ఉన్న కొసలను కలిపి కుట్టారు. గొట్టం తీసిన రోజు ఏ ముక్కుడూ లేకుండా ధారగా వచ్చింది. గోడకు చెయ్యి ఆనించి నేను ఏడుస్తుంటే మార్తమ్మ బయటి నుంచి, "ఏమాయెనయ్యా? నొస్తుందా?" అని పరేషాన్ అయింది. నొప్పి కాదే, స్తోత్రం అన్నాను. దేవునికే మహిమ!

సహోదరులారా, రహస్య స్థలంలో దెబ్బ తగిలినా, రక్తం పడినా, ధార సన్నబడినా, చీలినా, ఆగిపోయినా దాచుకోవద్దు. ఇంట్లోవాళ్ళకు చెప్పండి, వైద్యుని దగ్గరకు పోండి, ప్రార్థన చేస్తూ పోండి. ఒక్కరే పోవడానికి సిగ్గయితే ఖాజాగూడలో మా ఇంటికి రండి, నేను తోడు వస్తాను, ఎందుకని ఎవరికీ చెప్పను. మనల్ని చేసినవాని ముందు మన దేహంలో దాచవలసిన చోటు ఏదీ లేదు, ఆయనను నమ్మి రండి. ఇక నా సంగతి అంటారా, ఇది మళ్ళీ రావచ్చని, పరీక్షకు వస్తుండాలని డాక్టరు గారు చెప్పారు, పోతున్నాను. అందుకే పూర్తిగా బాగయ్యానని ఈసారి రాయను. ఈ పూట వరకు బాగున్నాను, ఇది నిజం, ఈ పూట కోసం దేవునికి వందనాలు.