ఎర్రనీళ్లు రంగు మారిన చుక్క

నిన్న మనవరాలు కంప్యూటరులో ఆమ్ల క్షారాల టైట్రేషను పాఠం చూస్తూంటే, తెర మీద ఒక గీత చదునుగా నడిచి నడిచి, ఉన్నట్టుండి నిలువునా కిందికి దిగి, మళ్లీ చదునైంది. మూడో తరగతితో బడి మానిన నాకు రసాయనశాస్త్రంలో తెలిసినది ఆ ఒక్క గీతే.

పంతొమ్మిది వందల నలభైల్లో నేను చంద్రగిరికి కొత్తగా కాపురానికి వచ్చేటప్పటికి మా ఆయన తిరుపతిలో కాలేజీ చదువులో ఉన్నారు. అంతకుముందటి ఏడాది నోటిపరీక్షలో ఆ గీతకు అర్థం చెప్పమంటే నోరు పెగలక తప్పారు. ఈసారీ తప్పితే చదువు చాలించి వేరుశనగ చేను చూసుకోవాలని మామగారు తేల్చేశారు. గీయడం వచ్చు ఆయనకు, మనిషి ఎదురుగా ఉంటేనే మాట రాదు. అందుకని సాయంకాలాలు నన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు.

కాగితం మీది గీత నా తలకెక్కలేదు. హారతికి కలిపినట్లే పసుపూ సున్నమూ కలిపి, ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం చుక్క చుక్కగా వేయమన్నారు. ఎంతసేపు వేసినా రంగు చలించలేదు. ఇక లాభం లేదనుకున్నాక, ఒక్క చుక్కకు గిన్నెంతా పసుపైపోయింది. సంబరపడేలోగా మళ్లీ ఎర్రబడింది.

"ఏమే, సున్నపు తేట పొయ్యమంటే అడుగు మడ్డంతా పోసినావా?" అన్నారాయన.

"పారేసేదానికి సున్నం ఊరికే వస్తాదా?" అన్నాను.

లోపల్నించి అత్తగారు అందుకున్నారు. "నిమ్మకాయలు ఊరికే వచ్చినాయా మే? ఎర్రనీళ్లతో ఆడుకునే మొగుడూ పెండ్లాల్ని ఈడనే సూస్తాండా!"

ఆయన నవ్వేశారు. ఆ నవ్వుతోనే, నా ముఖం చూడకుండా గిన్నెలోకి చూస్తూ, ధారగా చెప్పుకుపోయారు. అడుగున కరగకుండా మిగిలిన మడ్డి తర్వాత కరిగి, నీళ్లకు కొత్త బలమిచ్చి మళ్లీ ఎర్రబరిచిందట. సున్నానికి బలమున్నంతసేపూ పడిన పులుపునంతా మింగేస్తుందట, గీత చదునుగా సాగేది అందుకే. ఆ బలం తీరిపోయే చోట ఒకటి రెండు చుక్కలకే గీత నిలువునా దిగుతుందట. ఆపైన మిగిలేది పులుపే గనుక మళ్లీ చదును. పొయ్యి వెలుగులో ఆ గొంతు వింటూ నేను కూర ఉడుకుతున్న సంగతే మరిచిపోయాను.

పరీక్షలోనూ అలాగే, అడిగినవారి ముఖం చూడకుండా బల్ల మీది గాజు కుప్పెకే చెప్పారట. నెగ్గారు. మేష్టరయ్యారు. ఎందరి పిల్లలకో ఆ గీత చెప్పారు, ఇంటికి వచ్చేసరికి గొంతు అలిసిపోయేది. మళ్లీ కూర్చుని చెప్పమని నేనూ అడగలేదు, పనులు అలా ఉండేవి. ఇప్పుడు పిల్లలకు ఏ పాఠమైనా తెరే చెప్పేస్తుంది, ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టుకునే అవసరమే లేదు. ఆయనకు మాత్రం ఒకప్పుడు నేను కావలసి వచ్చాను, ఆ కొన్ని సాయంకాలాలు.