కాయిల్ చుట్టూ రింగు

పక్క సీటు అమ్మాయి గీసిన కాయిల్ నాదానికన్నా బాగుంటుందేమోనన్న బెంగతో ఆ ఏడాది నాకు అన్నం సహించలేదు. సహించింది ఆమె క్యారియర్‌లోదే. వాళ్ళది బందరు వైపు, చేపల వ్యాపారం. చింతచిగురు రొయ్యల కూర లొట్టలేసుకుంటూ తింటూనే, ఇది కూడా ఈమెకే కుదరాలా అని కుళ్ళుకునేదాన్ని.

గన్నవరం దగ్గర మా ఆఫీసులో చిప్పులు డిజైన్ చేస్తాం. మా ఇద్దరిదీ ఒకే పని: సిగ్నల్‌ను లయ తప్పకుండా ఊగించే చిన్న సర్క్యూట్. దాని ప్రాణమంతా కాయిల్‌లో, అంటే సిలికాన్ మీద చుట్టలుగా గీసిన లోహపు తీగలో ఉంటుంది. ఉయ్యాలను ఒకసారి ఊపి వదిలితే అది ఎంతసేపు ఊగుతుంది? కాయిల్ మంచిచెడ్డలూ అలాగే తేలుస్తాం. ఆ లెక్కకు క్యూ ఫ్యాక్టర్ అని పేరు. ఎంత ఎక్కువుంటే అంత మంచిది, కానీ చిప్పులో అది ఓ పట్టాన రాదు. సన్నటి తీగ రెసిస్టెన్స్ ఆ ఊపులో కొంత తినేస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు తీగ అంచులకే అతుక్కుని పోతుంది. మిగిలినదాంట్లో కొంత కింది సిలికాన్ పీల్చేస్తుంది.

దారిలో ఎవరెవరు ఎంత తాగేస్తారో నాకు వేరే నేర్పక్కర్లేదు. మాది కాలవ చివరి పొలం. పైవాళ్ళ చేలు తడిశాక మిగిలిన నీళ్ళే మాకు. పై పొలం పచ్చగా కనబడిన రోజు నాన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, పార పట్టుకుని వెళ్ళి మా గట్టు ఎత్తు చేసి వచ్చేవాడు. ఆయన పోలికే నాకు వచ్చింది.

"ఇద్దరివీ టెస్ట్ చిప్పులో పక్కపక్కనే పెడదాం. కొలిచాక ఏది బాగుంటే అదే అసలు చిప్పులోకి వెళ్తది," అన్నారు మా లీడ్. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో నా కాయిల్‌కే కాస్త ఎక్కువ క్యూ వచ్చింది. ఆ వారమంతా భవానీపురం నుంచి ఆఫీసు దాకా బెంజి సర్కిల్ ట్రాఫిక్ కూడా నన్నేమీ చేయలేకపోయింది.

అయినా అనుమానం తీరలేదు. పక్కనే ఆమె సర్క్యూట్ ఊగుతుంటే నాది చెడిపోదా? డిజైన్ పంపేసే ముందు నా కాయిల్ చుట్టూ లోహంతో కంచెలా గార్డ్ రింగ్ గీశాను, ఎక్కడా సందు లేకుండా. ఇక రమ్మను చూద్దాం అనుకున్నాను.

చిప్పు తయారై వచ్చింది. ల్యాబ్‌లో కొలిస్తే ఆమెది అనుకున్నట్టే పలికింది. నాది అనుకున్న ఫ్రీక్వెన్సీ దాటిపోయింది, ఊపు నీరసంగా ఉంది. లీడ్ ముందే నోరు జారాను.

"మీ సర్క్యూటే నాదాన్ని పాడుచేస్తోందండీ."

ఆమె కోప్పడి ఉంటే నాకు బాగుండేది. చెయ్యి చాచి తన సర్క్యూట్‌కి వెళ్ళే సప్లై వైరు పీకేసింది.

"నాది ఆపేశానండీ. ఇప్పుడు చూడండి."

స్క్రీన్ మీద నా గ్రాఫ్ ఇసుమంతైనా కదల్లేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా లేఅవుట్ తెరిచి చూసింది ఆమే.

"సిమ్యులేషన్ చేసినప్పుడు ఈ రింగు ఉందాండీ?"

"లేదు. చివర్లో వేశాను."

"చుట్టూ మూసేశారే! ఒకచోట కోసేస్తే సరిపోయేదండీ."

నాకు తెలియని సంగతా అది? మూసిన రింగు కూడా ఒక చుట్టే. కాయిల్ ఊగినప్పుడల్లా రింగులో ఎదురు కరెంటు పుట్టి కాయిల్ బలాన్నే తింటుంది. కొత్తగా చేరినవాళ్ళకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. నా క్యూను తీగా తినలేదు, సిలికానూ తినలేదు. ఆమె రాకూడదని నేను కట్టిన గోడే తినేసింది.

ఆమె కాయిల్ అసలు చిప్పులోకి వెళ్ళింది. పంపేముందు దాని లేఅవుట్ సరిచూడమని లీడ్ నాకే అప్పగించారు. ఇన్నాళ్ళూ ఆమె నంబర్లమీదే నా కళ్ళు. ఆమె గీసింది ఏనాడూ తెరిచి చూడలేదు. వంక దొరక్కపోతుందా అని తెరిచాను. టెస్ట్ చిప్పులో ఎలా ఉందో అలాగే ఉంది. ఆమె కూడా రింగు వేసుకుంది. ఒకచోట సందు వదిలింది. ఏ వైపైనా వదలొచ్చు. ఆమె వదిలింది టెస్ట్ చిప్పులో నా కాయిల్ ఉన్న వైపే.

నా భయం ఆమెకు లేనే లేదన్నమాట. సరిచూశానని రాసి పంపేశాను. ఆ రోజు ఆమె మీద కుళ్ళు తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.