తేరు మూలలో క్రేను మిషను

ఒక తండ్రి పంతం, అయినవాళ్ల మధ్య పోరు, తుప్పుపట్టి చచ్చిన ఇనుముకు తిరిగి ప్రాణం పోసిన వైనం, చివరికి ఊరు ఊరంతా చీకట్లో మునిగిన ఘోరం. ఇవన్నీ ఉన్న మహాగాథ ఒకటి చెప్పబోతున్నాను. కొంచెం సర్దుకుని కూర్చోండి.

సర్దుకున్నారా? ఇక నిజం చెబుతాను. ఇది బొమ్మలు పట్టే మిషను ఒకటి మా నాయన బాగు చేయించిన సంగతి. ఇందులో శత్రువు ఒక గోబీ మంచూరీ బండి. ఇంతకంటే పెద్ద సంగతి ఏదైనా మా ఇంట్లో జరిగిందేమోనని చాలా వెతికాను. మా వైపు ఇతిహాసాలు కూడా వానల్లాగే, మబ్బు పట్టి పక్క జిల్లాకు పోతాయి.

ఆ మిషను మీరు చూసే ఉంటారు. అద్దాల పెట్టె, లోపల బొమ్మల కుప్ప, పైన వేలాడే మూడు వేళ్ల ఇనుప పంజా. నాణెం వేసి, పిడి అటూ ఇటూ కదిపి, మీట నొక్కితే పంజా కిందికి దిగి, బొమ్మను ఒకసారి పలకరించి, ఏమీ పట్టుకోకుండా పైకి వస్తుంది. బయటి ఊళ్లలో దీన్ని ఆట అంటారు. మా అనంతపురం వైపు దీన్ని ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. డబ్బు పెడతాం, ఒకటి లోపలికి దిగుతుంది, ఉత్త చేతులతో పైకి వస్తుంది. మేం దాన్ని బోరు వేయడం అంటాం. మిషనులోనైతే లోపల ఏముందో కనీసం కనిపిస్తుంది.

మాది మడకశిర దాటాక వచ్చే ఊరు. కన్నడంలో తిట్టుకుని తెలుగులో రాజీపడతాం. ఏటా మా గుడి తేరు, అంటే రథం లాగే తిరునాళ్ల, జరుగుతుంది. తేరు నిలిపే చోటికి ఎదురుగా, రోడ్డు మలుపులో, రెండు ఎద్దుల బండ్లు పట్టేంత మూల ఒకటి ఉండేది. ఆ మూలలో మా తాత చెక్క రంకులరాట్నం పెట్టి చేత్తో తిప్పేవాడు. ఆయన తర్వాత మా నాయన తిప్పాడు. మాకున్న మెట్ట పొలం ఎలాంటిదంటే, చెనిక్కాయ వేస్తే వేసిన విత్తనం కూడా తిరిగి ఇవ్వదు. ఏడాది పొడుగునా మా నాయనను ఎవరూ ఏదీ అడగరు. తేరు నాలుగు రోజులూ మాత్రం "ఓనరన్నా" అని పిలుస్తారు. మాకున్న వాటిలో వానతో పని లేనిది ఆ మూల ఒక్కటే.

దానికో కట్టుబాటు ఉంది. ఎవరి జాగాలో వాళ్లు ఆట పెట్టాలి. వరుసగా రెండు తేర్లు జాగా ఖాళీగా ఉంటే గుడి పెద్దాయన దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. కాగితాలూ సంతకాలూ ఏమీ ఉండవు. తేరు మొదలవుతూ గుడి జెండా ఎత్తే రోజున ఆయన భుజాన తువ్వాలు వేసుకుని ఒక చుట్టు తిరిగి చూస్తాడు. అంతే, రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. కిందటి తేరుకు ముందు రాట్నం ఇరుసు విరిగింది, చెక్కలు మా అమ్మ పొయ్యిలోకి పోయాయి, మూల ఖాళీగా మిగిలింది. ఈసారి కూడా ఖాళీ అయితే ఎక్కి కూర్చోవడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు, నాకు మామ, ఊరికంతా గోబీ మంచూరీ.

"నువ్వేం బాధపడొద్దు బావా. నీ జాగాలో నేనుంటే నువ్వున్నట్ల కాదా?" అన్నాడు మామ, మా ఇంట్లో మా కాఫీ తాగుతూ.

"నువ్వుంటే వాసనొస్తాది. నేనుంటే ఆటుంటాది," అన్నాడు నాయన.

"యాడుండాది బావా ఆట? అక్క దాంతోనే కదా సంగటి వండింది."

అమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి పెట్టుకుంది. నాయన చూడకపోయి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. చూశాడు.

మరుసటి వారం హిందూపురం పోయి, పాత సామాన్ల గుజిరీలోంచి ఈ మిషనును లగేజీ ఆటోలో వేయించుకుని వచ్చాడు. బెంగుళూరులో మూతపడిన ఏదో ఆటల హాలుదట. వయసులో నాకంటే పెద్దది. ఆరోగ్యం గురించి మాట్లాడుకోకపోవడం మంచిది.

అమ్మ బయటికి వచ్చి నిలువునా చూసింది. "ఫ్రిజ్జు తెచ్చినాడనుకుంటి."

"ఫ్రిజ్జు కాదే, ఫారిన్ మిషను."

"నీళ్లు చల్లగయితాయా?"

"కావు."

"అయితే గొడ్ల కొట్టంలో పెట్టు," అని లోపలికి పోయింది.

ఇంజనీరింగు చదివి ఇంట్లో ఉన్నవాణ్ని కాబట్టి మరమ్మతు నా మీద పడింది. వెనక తలుపు తీస్తే ఒక కందిరీగల గూడు, ఎండి అట్టలా మారిన బల్లి, ఎలుకలు చెవులు తినేసినందువల్ల ఏనుగో కుక్కో తేలని బొమ్మ ఒకటి బయటపడ్డాయి. బల్లి ఒక్కటే చెక్కు చెదరకుండా ఉంది. ఉప్పు కాగితంతో తుప్పు గీకాను. విరిగిన పిడికి బదులు పాత ట్రాక్టరు గేరు గుండు బిగించాను. నాణెం వేసే సందు ఎప్పటిదో పెద్ద రూపాయి బిళ్ల కొలతకు ఉంది. ఆ బిళ్ల ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. నాయన ఆకురాయి తీసుకుని, బోరు పైపుకు వేసే వాషరు పట్టేదాకా ఆ సందును అరగదీశాడు.

"ఫోన్లో దుడ్లు తీసుకుంటాం, చేతికి వాషరిస్తాం," అన్నాడు.

"బ్యాంకు పెట్టినట్లుండాదే నాయనా," అన్నాను.

"బ్యాంకులో బొమ్మలిస్తారారా?"

ప్లగ్గు పెడితే మిషను ముందు వణికింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత నిజంగానే కదిలింది. పంజా కుడికి పోయింది, ఎడమకు పోయింది, కిందికి కూడా దిగింది. కానీ మూసుకోలేదు. వేళ్లను మూసే కాయిల్ కాలిపోయింది. దాన్ని ఊడదీసుకుని, కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే అన్న దగ్గరికి పోయాం.

మా మండలంలో మోటార్లు చుట్టేవాళ్లకు ఉన్న గిరాకీ డాక్టర్లకు లేదు. బోర్లలో నీళ్లు తగ్గేకొద్దీ మోటార్లు ఉత్త గాలి పీల్చి కాలిపోతుంటాయి. ఊరు ఎండేకొద్దీ ఆయన ఇంటికి అంతస్తులు లేస్తున్నాయి. ఆయన కాయిల్‌ను అరచేతిలో వేసుకుని, పిల్లవాడి జ్వరం చూసినట్టు చూశాడు.

"ఎన్నడుగుల్లోంచి లాగల్ల?"

"లాగేది కాదన్నా. బొమ్మను పట్టుకోవాల, అంతే," అన్నాను.

"అదేనప్పా, ఎన్నడుగుల్లోంచి?"

"రెండడుగులు."

ఆయన నాయన వైపు తిరిగాడు. "రెండడుగుల్లోనే చేతికి తగిలితే మనకింగేం కష్టమన్నా? ఈ వైపు పుట్టినోడు చేసిన మిషను కాదిది."

సన్న తీగ ఆయన దగ్గర లేదు. ఉన్నా వాడనన్నాడు. తాను చుట్టింది మళ్లీ కాలి వెనక్కి వస్తే పేరు పోతుందట. బోరు మోటారుకు వేసే లావు తీగనే, పట్టినన్ని చుట్లు చుట్టి ఇచ్చాడు. లావు తీగ తక్కువ చుట్లు చుడితే కరెంటు ఎక్కువ లాగుతుందని నా చదువు లోపల్నుంచి గొణిగింది. గట్టిగా మాట్లాడితే ఉద్యోగం ఏదని ఎవరైనా అడుగుతారని దానికి భయం. 

కొట్టంలో పరీక్ష పెట్టాం. బొమ్మలు ఇంకా రాలేదని అమ్మ ఒక వంకాయ ఇచ్చింది. పంజా దిగింది. టక్కుమని మూసుకుంది. వంకాయ రెండు ముక్కలైంది.

"తరిగే పని తప్పింది," అంది అమ్మ.

"పట్టు చూసినావా అన్నా!" అన్నాడు మోటార్లు చుట్టే అన్న. ఆయన తన పనితనం చూసుకోవడానికి ప్రత్యేకంగా వచ్చాడు.

ఈ మిషన్లు బతికేది పట్టు లేకపోవడం మీదేనని, పంజా వదులుగా ఉంటేనే మన చేతిలో నాలుగు దుడ్లు మిగులుతాయని నాయనకు చెప్పాను. ఆయన నా ముఖంలోకి అసహ్యంగా చూశాడు. "మనూళ్లో మనం మోసం చేసి యాడికి పోతామురా? మీ తాత రాట్నమెక్కినోన్ని తిప్పకుండా దింపినాడా ఎప్పుడన్నా?"

అదైతే నిజమే. తాత ఎక్కినవాళ్లను వాంతి అయ్యేదాకా తిప్పేవాడని ఊరందరికీ తెలుసు.

జెండా ఎత్తే రోజు వచ్చింది. మూలలో మిషను నిలబెట్టాం. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడదామని చూసి, చక్రాలు లేవని తెలిసి, నాలుగు కాళ్ల పక్కన నాలుగు పెట్టి సరిపెట్టుకుంది. లోపల గులాబీ రంగు ఎలుగుబంట్లు. రోడ్డుకు అవతల, ఎప్పుడు పిలుస్తారా అన్నట్టు, మామ బండి. దానికి రంగు రంగుల లైట్లు, ఒక మిక్సీ, ఒక ఫ్యాను. ఇవతల చొక్కా ఇస్త్రీ చేయించుకున్న మా నాయన. ఎన్నికల ఫలితాల రోజు అభ్యర్థులు కూడా ఇంత బిగుసుకుని నిలబడరు.

పెద్దాయన తువ్వాలు సర్దుకుంటూ వచ్చాడు. "ఏమప్పా, బీరువా పెట్టినావు?"

"ఆటన్నా. మీరే ఆడి చూడండి," అని నాయన వాషరు చేతిలో పెట్టాడు.

పంజా దిగింది, ఒక ఎలుగుబంటి మెడ పట్టుకుంది, పైకి లేచింది, బొమ్మలు పడే రంధ్రం మీదికి వచ్చి ఆగింది. వదలాలి. వదల్లేదు. ఎలుగుబంటి గాలిలో వేలాడుతూ ఉండిపోయింది. ఊరంతా ఊపిరి బిగపట్టింది. మా మామ మాత్రం హాయిగా ఊపిరి తీసుకున్నాడు.

"పట్టినాది గానీ ఇయ్యదే! మన ఎమ్మెల్లేల మాదిరుండాదే," అన్నారు వెనక ఎవరో.

 తాతల నాటి జాగా ఆ ఎలుగుబంటితోపాటు వేలాడుతోంది. సరిగ్గా అప్పుడు పెద్దాయనకు కోపం వచ్చింది. ఆయన చేతికి అందినది అందకుండా పోవడం ఆయనకు అలవాటు లేదు. అద్దం మీద అరచేత్తో ఒక్కటి వేశాడు. ఎలుగుబంటి కింద పడింది.

ఆయన దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, చంకలో పెట్టుకున్నాడు. "ఆటే," అన్నాడు. మా నాయన కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము అన్నాడు. మా ఊళ్లో ఆ మాట ఎవరు చెప్పినా నమ్మాల్సిందే.

అప్పటినుంచి వరస తెగలేదు. వాషరు వేయడం, పట్టుకోవడం, ఒక్కటి తగిలించడం. సగం మంది బొమ్మ కోసం కాదు, కొట్టడం కోసమే వచ్చారు. వరసలో నిలబడినవాళ్లు ఆకలై రోడ్డు దాటి గోబీ తిన్నారు. మామ రెండో బాణలి పెట్టాడు. శత్రువులిద్దరూ కలిసి బాగుపడుతున్న సంగతి ఇద్దరిలో ఎవరికీ నచ్చలేదు.

దీపాలు పెట్టే వేళకు ఒక వింత బయటపడింది. పంజా మూసుకున్నప్పుడల్లా తేరు మీది సీరియల్ లైట్లు మసకబారేవి, మైకులో భజన గొంతు పూడిపోయేది. పంజా తెరుచుకుంటే దేవుడు మళ్లీ వెలిగేవాడు. జనం దీన్ని కూడా ఆటలో కలుపుకున్నారు. ఆ ఆనందంలో మామ మిక్సీ వేశాడు. కరెంటు స్తంభం మీద ఏదో ఢామ్మని పేలింది. ఊరంతా చీకటి.

"నీ మిక్సీ వల్లనే!" అని మా నాయన గొంతు.

"నీ బీరువా వల్ల బావా!" అని మామ గొంతు.

లైన్‌మన్ టార్చి వేసుకుని వచ్చి స్తంభం ఎక్కాడు. మాడిన ఫ్యూజు చూసి కిందికి అరిచాడు. "ఈడెవరప్పా బోరు మోటారేసింది?"

 మోటార్లు చుట్టే అన్న గుంపులోంచి మెల్లగా జారుకున్నాడు. కానీ నడకలో కొంచెం గర్వం ఉంది.

మిషను ఆపమని మామ, బండి తీయమని నాయన. నేను మధ్యలోకి పోయి ఇద్దరూ వంతులు వేసుకోవచ్చు కదా అన్నాను. ఇద్దరూ ఒక్కటై నన్ను తిట్టారు. ఆఖరికి పెద్దాయన, చంకలో ఎలుగుబంటితోనే, తీర్పు చెప్పాడు. "ఇద్దురూ ఉండండి. వచ్చే తేరుకు మీకిద్దరికీ చాలేంత కరెంటు తెప్పిస్తా. ఆ జాగా నీదే లేప్పా, ఎవురూ అడగరింగ."

మా నాయన ఆ ఏడాదంతా ఆ మాట మీద బతికాడు. అద్దాలు తుడిచేవాడు, పంజాకు నూనె పెట్టేవాడు. పొలం వైపు కూడా అంత శ్రద్ధగా చూసినట్టు నాకు గుర్తు లేదు.

పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. మా ఊళ్లో ఇది అంత మామూలు విషయం కాదు. తేరు ఇంకో నెల ఉందనగా కరెంటువాళ్లు లారీలో ట్రాన్స్‌ఫార్మరు తెచ్చారు. ఊరంతా తిరిగి చూశారు. తేరుకు తగలకుండా, రోడ్డుకు అడ్డం రాకుండా, ఎవరి పేరు మీదా పట్టా లేని జాగా ఒక్కటే ఉందన్నారు. అక్కడే, మా మూలలోనే, గుంతలు తవ్వి, రెండు స్తంభాలు నిలబెట్టి, దాన్ని ఎక్కించారు.

నాయన, మామ పక్కపక్కన నిలబడి చూశారు.

"నాకన్నా ఇచ్చింటే..." అన్నాడు మామ.

"నీకు రాలేదు కదా. అది చాలు," అన్నాడు నాయన. చొక్కా చివరతో ముఖం తుడుచుకుని, "పా, కాఫీ తాగుదాం," అన్నాడు.

మిషను ఇప్పుడు చెప్పులు విడిచే చోట పెడుతున్నాం. పక్కనే గోబీ బండి. కరెంటుకు లోటు లేదు. ఆ ట్రాన్స్‌ఫార్మరు ఇరవై ఐదు కేవీఏది. చుట్టూ కంచె వేశారు. కంచెకు గేటు వెనక వైపు ఉంటుంది. మా మూల తాళంచెవి లైన్‌మన్ దగ్గర ఉంటుంది.