ట్రైలర్ కింద బిగించిన పెట్టె

నాకు కాలు ఒక్కచోట నిలవదని మా అవ్వ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఇప్పుడు నేను వరికోత మిషన్ నడుపుతాను. చక్రాలకు బదులు చైన్లుండే మిషన్, బురదలో కూడా దిగబడదు. కానీ తారు రోడ్డు మీద దాన్ని నడపలేం, ట్రైలర్ మీదికి ఎక్కించి ట్రాక్టర్‌తో లాక్కుపోవాలి. ట్రాక్టర్ నడిపేది మా ఆయన. చేన్లో మిషన్ మీద ఉన్నంతసేపు నాకు ఏ బాధా ఉండదు. రోడ్డు మీద ఆయన పక్కన కూర్చుని ఆ నిదానాన్ని భరించడమే నాకు శిక్ష.

పోయిన వానకాలం కోతల్లో ట్రైలర్ టైరు పేలింది. స్పేర్ టైరు లేదు, జాకీ లేదు. ఆయన టైరు వెతుక్కుంటూ పెద్దపల్లికి పోతే, నేను మైలురాయి మీద కూర్చుని వచ్చీపోయే బండ్లన్నిటినీ తిట్టుకున్నాను. ఆ రోజే పట్టుబట్టాను, ట్రైలర్‌కు రెండు స్పేర్ టైర్లు, పనిముట్లకు ఒక ఇనుప పెట్టె ఉండి తీరాలని.

కరీంనగర్ బైపాస్ మీద మాకు తెలిసిన వెల్డింగ్ మిస్త్రీ ఉన్నాడు. పొద్దున్నే నమాజు చేసి వచ్చి, వెల్డింగ్ మిషన్‌కు ఊదుబత్తి చూపించి గాని పని మొదలుపెట్టడు. స్పేర్ టైర్లను ట్రైలర్ ముందు పలకకు నిలబెట్టి బోల్టులతో బిగించాడు. పెట్టెను మాత్రం ఎడమ పక్క, చక్రాల ముందు, ట్రైలర్ కిందికి వేలాడేలా వెల్డింగ్ చేశాడు. దాని తలుపు కిందికి తెరుచుకుంటుంది.

"ఫికర్ చేయకమ్మా, ట్రైలర్ ఇరిగినా పెట్టె ఊడది," అన్నాడు.

మిషన్ ఎక్కించి చూద్దామా అని మా ఆయన అడిగాడు. మిస్త్రీయే చేయి అడ్డం పెట్టాడు. "కొత్త ఇనుము భాయ్. కొబ్బరికాయ కొట్టకముందు బరువు ఎక్కియ్యద్దు. మీకు తెల్వదా?"

మాకెందుకు తెలియదు! అందరిదీ ఒకటే రివాజు. ఖాళీ ట్రైలర్‌కు పసుపు కుంకుమ పెట్టాం, కాయ కొట్టాం. పెట్టె తలుపు నాలుగుసార్లు తీసి వేసి మురిసిపోయాం. ట్రాక్టర్ సీటు కింద పడి ఉన్న, టైరు బోల్టులు విప్పే పానాలను కూడా తీసి అందులో సర్దాను. జాకీ పెట్టాను. అడుగున, వడ్ల కింద పరిచి పైన కప్పుకునే కొత్త టార్పాలిన్ పరదా ఒకటి మడతపెట్టాను. అది మా అక్క కోసం కొన్నది.

అక్కది మంథని దగ్గర. బావ దుబాయ్‌లో ఉంటాడు, సేద్యమంతా ఆమె చేతి మీదే. యాసంగి వరి పండి, తల వాల్చి నిలబడింది. అక్క పరదా పాతబడి చిల్లులు పడింది. ఆ చేను చేతికొస్తేనే ఇంట్లో ఏడాది తిండి. చెడగొట్టు వానల కాలం. మేము బయలుదేరే రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. "మబ్బు పడుతున్నదే. ఎప్పుడొస్తరు?"

"వస్తున్నం," అన్నాను. అప్పటి నుంచి నా అరికాళ్ళ కింద నిప్పులున్నట్టే ఉంది.

మిషన్ ఎక్కించుకుని బయలుదేరాం. పెద్దపల్లి దాటాక ట్రైలర్ ఎడమ టైరు పేలింది. మా ఆయన నవ్వాడు కూడా. "ఇగ మనకేం, స్పేర్ ఉన్నది గదా," అంటూ దిగి పెట్టె తలుపు లాగాడు. అది నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని ఆగిపోయింది.

నేను వంగి చూశాను. మిషన్ బరువుకు ట్రైలర్ స్ప్రింగు పట్టీలు కుంగాయి. టైరు పోయేసరికి ట్రైలర్ ఎడమ పక్కకు ఇంకా ఒరిగింది. రోడ్డు అంచున మట్టి ఎత్తుగా ఉంది. తలుపు నేలకు తగులుతోంది. టైరు పేలని రోజులన్నీ హాయిగా తెరుచుకున్న పెట్టె అది! సందులో చేయి పెడితే పానా వేళ్ళకు తగిలింది, బయటికి మాత్రం రాలేదు. ఒళ్ళు మండి తలుపును ఒక తన్ను తన్నాను. కాలు నొచ్చింది.

ఇక మిషన్ దించడం తప్ప దారి లేదు. ఒరిగిన ట్రైలర్ మీది నుంచి వెనక్కి దించుతుంటే నా ప్రాణం నాలో లేదు. బరువు దిగగానే ట్రైలర్ లేచింది, తలుపు తెరుచుకుంది.

రోడ్డు పక్క మడిలోంచి ఒక ముసలామె గబగబా వచ్చింది. "బిడ్డా, మిషిని ఎట్లాగు దిగింది గదా. జర నా మడి కోసి పోరాదు. మబ్బు జూస్తే నా కాళ్ళు చేతులు ఆడ్తలేవు."

"మా అక్క చేను ఉన్నదవ్వా. ఆగలేం."

ఆమె బతిమాలలేదు. మిషన్ పక్కనే నిలబడి తన వరిని చూసుకుంటోంది. చిన్న మడి. మా ఆయన జాకీ పెడుతూ నా మొహం చూసి కనిపెట్టాడు. "వద్దే. అక్క పరేషాన్ అయితది."

టైరు మార్చడం ఆయన పని. ఆయన పని అయ్యేదాకా నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. నాకది చేతకాదు. అక్క మీద ప్రేమ లేక కాదు, కూర్చోలేకే మిషన్‌ను మడిలోకి దించాను. టైరు బిగించేలోపే అయిపోతుందనుకున్నాను. టైరు బిగించడం అయిపోయింది, నా కోత కాలేదు. వడ్లు పోయడానికి ముసలామె దగ్గర రెండు చీరలు తప్ప ఏమీ లేవు. కోత ముగిసేసరికి పైన మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. పెట్టె అడుగునున్న పరదా తీసి పరిచాను. మా ఆయన జాకీని పెట్టెలోకి విసిరి తలుపు ధడేలున మూశాడు.

మేము అక్క చేను చేరేసరికి చల్లగాలి మొదలైంది. మిషన్ దించుతుంటే అక్క ఎదురొచ్చి, కోత పళ్ళ మధ్య చిక్కుకున్న తాజా వరిగడ్డిని పట్టి లాగింది.

"ఇది ఎవ్వలదే?"

చెప్పాను. అక్క ఆ గడ్డిని కిందపడేసి, "నడువు, కొయ్యి," అంది.

సగం కోశాను. మిగతా సగం మీద వాన విరుచుకుపడింది. గాలికి వరి చాపలా పడుకుంది, గింజలు కళ్ళముందే బురదలోకి రాలాయి. కోసిన వడ్లను అక్క చిల్లుల పరదాతో కప్పి, చిల్లులున్న చోట సంచులు వేసి, ముగ్గురం అంచుల మీద నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, వానలో ఎవరికీ కనబడదని.

సంచులు సర్దుతూ అక్క అడిగింది. "గా ముసలామెకు పరదా ఉన్నదా?"

"నీకు తెచ్చింది ఇచ్చిన."

అక్క నా దిక్కు చూసింది, దూరంగా ట్రైలర్ దిక్కు చూసింది. "గా పెట్టె తెరుసుకోకపోతేనే మంచిగుండు," అంది.

అంటూనే తన కొంగు తీసి నా నెత్తి మీద కప్పింది.